స్కూల్ బస్సులో ఏడిపిస్తున్నారని పిల్లాడు చెబితే ముందు ఏం చేయాలి?

ఆరో తరగతి బాబును బస్సులో పెద్ద క్లాసు పిల్లలు పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారు, టీచరుకు చెబితే ఇంకా ఎక్కువ చేస్తారని వాడి భయం అని మీరు రాశారు. ఆ భయంలో నిజముంది. చాలాచోట్ల ఫిర్యాదు రాగానే ఇద్దర్నీ స్టాఫ్‌రూముకి పిలిచి, సారీ చెప్పించి పంపేస్తారు. సమ ఉజ్జీల గొడవకైతే అది సరిపోతుంది. నలుగురు కలిసి ఒకడి మీద పడ్డప్పుడు, ఆ కక్షంతా సాయంత్రం బస్సులోనే తీర్చుకుంటారు.

"నువ్వూ తిరిగి ఒకటివ్వు" అని మాత్రం నేర్పకండి. మాటలకు సాక్ష్యం ఉండదు, దెబ్బకు ఉంటుంది. చివరికి మీవాడి పేరే రిజిస్టరుకెక్కుతుంది.

ముందు వాడి చేత కాగితం మీద బస్సు సీట్ల బొమ్మ గీయించండి. ఎవరెక్కడ కూర్చుంటారు, ఆయా ఎక్కడ, వీడెక్కడ? "ఏమన్నార్రా?" అంటే నోరు మెదపని పిల్లలు గీస్తూ గీస్తూ చెప్పేస్తారు. తరచూ తేలేది ఇదే: ఆయా ముందు డోరు దగ్గర, తతంగమంతా వెనక సీట్లో.

తర్వాత వారంపాటు నోట్‌బుక్కులో తేదీ, చోటు, వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు, పక్కన ఎవరున్నారో రాసిపెట్టండి. బూతులైనా సరే, మార్చొద్దు. "రోజూ ఏడిపిస్తున్నారండీ" అంటే ప్రిన్సిపల్ దగ్గర నిలవదు. కొడుతుంటే, బెదిరిస్తుంటే వారం ఆగకుండా ఆరోజే వెళ్లండి.

లెటరు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. అందులో శిక్ష కంటే మార్పు అడగండి: చిన్న క్లాసులవాళ్లకు ముందు సీట్లు, ఆయా బస్సు మధ్యలో, మళ్లీ కలిసే తేదీ. సీబీఎస్‌ఈ స్కూలైతే, ఇలాంటి వాటికి కమిటీ వేయాలని బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, గుర్తుచేయండి. ప్రభుత్వ బడిలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఎవరూ కదలకపోతే పిల్లల సహాయానికి ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అవతలి పిల్లాడి పేరు పెట్టకండి. అసలు విషయం పక్కకుపోయి పెద్దవాళ్ల తగాదా మిగులుతుంది. ఫోన్లో మెసేజీలు వస్తుంటే మాత్రం బ్లాక్ చేసేముందే స్క్రీన్‌షాట్ తీయండి. నంబరు, తేదీ కనబడాలి.

ఇక మిగతా పిల్లల సంగతి. అసెంబ్లీలో ఉపన్యాసం ఇస్తే వినేదెవరు? ఏడిపించేవాడికి ఊపు వచ్చేది పక్కవాళ్ల నవ్వుతోనే. అందుకే క్లాసులో చూసేవాళ్లతోనే మాట్లాడమని టీచర్ని అడగండి: నవ్వకండి, వాడిని పిలిచి మీ సీట్లో చోటివ్వండి అని. "ఆపరా" అని ఎదురెళ్లడం అందరివల్లా కాదు. పక్కన చోటివ్వడం దాదాపు ఎవరివల్లైనా అవుతుంది.