పాత స్టీల్ గిటార్‌కి 1,20,000 అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

మన వైజాగ్ మర్రిపాలెంలో ఒకరింట్లో నల్ల బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) రికెన్‌బేకర్ ల్యాప్ స్టీల్, అంటే ఒళ్లో పడుకోబెట్టి వాయించే అమెరికన్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ ఉందని, రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదంటూ 1,20,000 రూపాయలు చెబుతున్నారని రాశారు. ఫొటో చూసి ధర చెప్పడం నా వల్ల కాదు. కానీ అచ్చం ఇలాంటిదే కొని చేతులు కాల్చుకున్నవాణ్ని, ఆ సంగతి చెబుతాను.

ఆరేళ్ల కిందట వన్‌టౌన్‌లో ఒక ఇంటివాళ్లు పాత సామాను అమ్మేస్తున్నారంటే వెళ్లాను. పెద్దాయన రైల్వేలో చేశారట, కలకత్తాలో ఉండగా హవాయియన్ గిటార్, అంటే ఈ స్టీల్ గిటారే, నేర్చుకున్నారట. నమ్మదగ్గ మాటే. హవాయి నుంచి బయల్దేరిన టావ్ మో కుటుంబం 1940ల్లో కలకత్తాలోనే ఉండి ఈ గిటార్ వాయించింది. అక్కడ ఈ వాద్యానికి ఎప్పట్నుంచో ఆదరణ ఉంది, మనకేమో హౌరా లైన్ ఉండనే ఉంది. కథ బాగుంది, పెట్టె బాగుంది, గిటార్ నిగనిగలాడుతోంది. ‘యుద్ధానికి ముందుది బాబూ’ అన్నారు. 90 వేలు లెక్కపెట్టి ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక అయస్కాంతాల మీద స్కేలు పెట్టాను. 32 మిల్లీమీటర్లు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే, ఈ గిటార్‌లో తీగల మీదుగా గుర్రపు నాడాల్లా వంగిన అయస్కాంతాలు రెండుంటాయి. యుద్ధానికి ముందు వాటి వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. తర్వాత ఒకటింబావుకి, అంటే 32 మిల్లీమీటర్లకి తగ్గించారు. పాతవి సేకరించేవాళ్లు ఎగబడేది ఆ వెడల్పాటి వాటి కోసమే. చిన్నవి చెడ్డవని కాదు, నాది ఇప్పటికీ కమ్మగా మోగుతుంది. నేను ఇచ్చిన ధర మాత్రం వేరే గిటార్‌ది! తర్వాత ఇంకో ఇంటికి టేపు పట్టుకెళ్తే అక్కడి మావయ్యగారు, ‘ఏటి బాబూ, గిటార్ కొంటావా, జాకెట్ కుడతావా?’ అన్నారు. అన్నా సరే, మీరు టేపు తీసుకెళ్లండి.

మల్టీమీటర్ కూడా తీసుకెళ్లండి. మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. సముద్రపు గాలికి ఇనుప గేటే రెండేళ్లు ఆగదు, పికప్‌లో (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగం) చుట్టిన వెంట్రుకలాంటి రాగి తీగ, అదే కాయిల్, ఇన్ని దశాబ్దాలు నిలిచిందో లేదో చూడకుండా డబ్బులివ్వొద్దు. వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ గుచ్చి, రెండో కొసన కొలవండి. కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తే కాయిల్ బతికున్నట్టే. మీటర్ లక్షల ఓమ్‌లు చూపించినా, అసలేమీ చూపించకపోయినా ముందు కేబుల్ మార్చి చూడండి, అప్పటికీ అంతే అయితే కాయిల్ తెగిందనుకోవచ్చు. మళ్లీ చుట్టిస్తే పాట వస్తుంది, కానీ సేకరించేవాళ్ల దృష్టిలో విలువ పడిపోతుంది. ట్యూనింగ్ కీలు, నాబ్‌లు మార్చారా అన్నది కూడా అప్పుడే అడగండి. మెరుపు చూసి మురిసిపోవద్దు, పాత పాలిష్ అలాగే ఉన్నదానికే ఎక్కువ పలుకుతుంది.

బేకలైట్ పెళుసు. టార్చి వేసి మెడ అతికిన చోట, స్క్రూల చుట్టూ పగుళ్లు వెతకండి. మెడ అరిగిందా అన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు. ఇందులో తీగని ఫ్రెట్‌కి నొక్కం, పైన ఉక్కు కడ్డీ జరుపుతాం. స్టీల్ అన్న పేరు ఆ కడ్డీ వల్ల వచ్చిందే, బాడీ వల్ల కాదు. ఈ సంగతి తెలియని అమ్మకందార్లు కొందరు మామూలు స్పానిష్ గిటార్‌కి నట్ (మెడ కొసన తీగల్ని మోసే పట్టీ) ఎత్తు చేసి స్టీల్ గిటార్ అంటారు, అదో తలనొప్పి.

గిటార్‌తోపాటు పాత అమెరికన్ ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) ఇస్తామంటే అక్కడికక్కడే ప్లగ్ పెట్టి చూపించమనకండి. అది 117 వోల్టులది, మన 230కి కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, అంతకుముందు లోపలి కెపాసిటర్లు తెలిసిన మెకానిక్ చూడాలి.

ఇక ధర. నెట్‌లో అమ్మేవాళ్లు రాసుకున్న ధర చూడకండి, ఎంతకి అమ్ముడైందో అది చూడండి, రివర్బ్ (వాద్యాలు అమ్మే సైట్), ఈబేలో దొరుకుతుంది. బయటినుంచి తెప్పిస్తే కస్టమ్స్, రవాణా అదనం, అమ్మేవాళ్లు అదీ కలుపుకుంటారు. కలుపుకోనివ్వండి, కానీ వైజాగ్‌లో ల్యాప్ స్టీల్ కొనేవాళ్లు ఎంతమంది? మీరు వద్దంటే వాళ్లు ఇంకో మనిషి కోసం ఎన్ని నెలలు చూడాలో వాళ్లకీ తెలుసు. 38 వచ్చి, కాయిల్ బతికి, పగుళ్లు లేకపోతే నేనైతే లక్ష దగ్గర బేరం మొదలుపెడతాను. 32 అయితే 60 వేల దగ్గర మొదలుపెట్టి 75 దాటను.