డిసెంబరు ప్రార్థనలో బావగారి ఇంటికి చోటు లేదా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు, ఉమ్మడి కుటుంబం. డిసెంబరు మొదలైందంటే రోజూ రాత్రి అత్తగారు అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన పెడతారు. చర్చి స్త్రీల సమాజంలో చాలా ఏళ్లు పెద్దరికం చేసిన మనిషి. మనవులు మాత్రం ఎప్పుడూ అవే. మా మరిది అమెరికా వీసా, మా ఆయన ప్రమోషన్, గుంటూరు స్థలం మీద కేసు. మా బాబుకు పదకొండేళ్లు. వాడి వంతు వస్తే అదే లిస్టు గబగబా అప్పజెప్పి, చివర్లో తనకో సైకిల్ అడుగుతాడు. కిందటి క్రిస్మస్ ముందు నేను నోరు తెరిచి, 'మన పొలం కౌలుకు చేసేవాళ్ల వరి పనలు వానకు తడిసిపోయాయి, వాళ్ల కోసం ప్రార్థిద్దాం, బావగారి కుటుంబం కోసం కూడా' అన్నాను. ఆస్తి పంపకాల దగ్గర వాళ్లతో మాటలు పోయాయి. అత్తగారి మొహం మాడిపోయింది. 'మన గోడు చెప్పుకోవడానికే టైము చాలట్లేదు' అన్నారు. 'అందరి ముందు అమ్మను తక్కువ చేశావు' అని మా ఆయన కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. మళ్లీ డిసెంబరు వచ్చింది. కళ్లు మూసుకుని కూర్చుంటున్నాను గానీ మనసు ప్రార్థనలో ఉండట్లేదు. నోరు మూసుకుని ఉండటమే మంచిదా?

జవాబు: మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదమ్మా. కాకపోతే రెండు వేర్వేరు సంగతుల్ని ఒక్క ఊపిరిలో అడిగేశారు. కౌలు కుటుంబం మీద జాలి ఒకటి, మీ ఇంటి గాయం ఇంకొకటి. మీకు ఆయన బావగారు. మీ అత్తగారికి మాత్రం పెద్ద కొడుకు. ఏటా క్రిస్మస్‌కు కొత్త బట్టలు పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టిన కొడుకు ఇప్పుడు గడప తొక్కట్లేదు. ఆ పేరు మీ నోటివెంట, అందరి ముందూ, అనుకోకుండా వచ్చేసరికి ఆవిడకు తట్టుకోవడం కష్టమైంది. 'టైము చాలట్లేదు' అన్న మాటను పైపైన తీసుకోకండి. అందరూ పడుకున్నాక ఆవిడ ఒక్కతే ఆ కొడుకు కోసం ఏడ్చి ప్రార్థిస్తూ ఉండవచ్చు. అలాంటి తల్లుల్ని నేను చాలామందిని చూశాను.

వీసా, ప్రమోషన్, కేసు... వీటి వెనక ఉన్నది భయం. ఒక కొడుకు దూరమయ్యాడు, ఉన్న ఇద్దరి బతుకులైనా స్థిరపడాలన్న ఆరాటం. దాన్ని స్వార్థం అనేస్తే అన్యాయమవుతుంది. బైబిల్లో పిల్లల్లేని హన్నా కూడా దేవాలయంలో అడిగింది తనకో బిడ్డ కావాలనే కదా! అందుకని ఆ లిస్టులోంచి ఏదీ తీసేయమనకండి. దాని పక్కన ఇంకొకరికి చోటు అడగండి, చాలు.

ఆ చోటు అడిగే హక్కు మీకు క్రిస్మస్ కథే ఇస్తోంది. మనం పాటల్లో నక్షత్రం దాకా, జ్ఞానుల దాకా వచ్చి ఆగిపోతాం. మత్తయి రెండో అధ్యాయం అక్కడ ఆగదు. హేరోదు బేత్లెహేములో పసిపిల్లల్ని చంపిస్తాడు. అంతకుముందే యోసేపు రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు పారిపోతాడు. తల్లుల ఏడుపు ఆ అధ్యాయంలోనే వినబడుతుంది. లూకాలో యేసు పుట్టిన కబురు మొదట అందింది రాత్రిపూట పొలంలో మంద కాసుకుంటున్న గొర్రెల కాపరులకి. మనుషులందరి కోసం, రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. యోబు తన స్నేహితుల కోసం ప్రార్థించినప్పుడు దేవుడు అతని స్థితిని మళ్లీ బాగుచేశాడు. ఆ స్నేహితులెవరో గుర్తుందా? కష్టంలో ఉన్నవాణ్ణి నోటికొచ్చినట్టు నిందించినవాళ్లు.

ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. కూడికలో మళ్లీ లేవనెత్తవద్దు. ముందు మీ ఆయనతో మాట్లాడండి. 'అత్తయ్యను తక్కువ చేయాలని కాదండీ, ఆ రోజు నా మాటకు ఆవిడ మనసు నొచ్చుకుందని అర్థమైంది' అనండి. తర్వాత అరిసెలకు పాకం పట్టే రోజునో, మధ్యాహ్నం ఇద్దరూ ఖాళీగా ఉన్నప్పుడో అత్తగారి పక్కన కూర్చోండి. ఆవిడకు తెలిసిన సంగతితోనే ఎత్తుకోండి. ఏటా మార్చి మొదటి శుక్రవారం స్త్రీలు జరుపుకునే ప్రపంచ ప్రార్థన దినం ఆవిడ ఎరగనిది కాదు. ఒక్కో ఏడు ఒక్కో దేశపు స్త్రీలు రాసిన ఆరాధన క్రమం పట్టుకుని, మొహం కూడా చూడని వాళ్ల కోసం ఎన్నో దేశాల్లో ఆడవాళ్లు ప్రార్థిస్తారు. 'అత్తయ్యా, మార్చిలో మీరు చేయించే ప్రార్థన మన ఇంట్లో డిసెంబరులో కూడా చేయిస్తారా? రోజుకొకరి పేరు, మీరే చెప్పండి' అని అడగండి. పగ్గాలు ఆవిడ చేతిలోనే ఉంచండి.

పేర్లకు కొదవేం లేదు. మొదట ఆ కౌలు కుటుంబం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో నాని మొలకలెత్తడం మీ డెల్టా అంతా చూసింది. కాబట్టి ఆ ఇంటి బాధ మీ అత్తగారికి విడమరచి చెప్పక్కర్లేదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఆడవాళ్లున్నారు. డిసెంబరు 25 వాళ్లలో చాలామందికి మామూలు పని రోజే. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని ఫోన్లో కనబడతారు, అంతే. నైట్ డ్యూటీ నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు, మీ వీధిలో ఈ ఏడు భర్తను పోగొట్టుకున్న మనిషి. బేత్లెహేము ఊరు కూడా. 2023లో గాజా యుద్ధం వల్ల అక్కడ క్రిస్మస్ సంబరాలు మానుకున్నారు. అక్కడి లూథరన్ చర్చిలో బాలయేసు బొమ్మను కూలిన రాళ్ల మధ్య పడుకోబెట్టారు. మన క్యారల్స్‌లో ఇన్నిసార్లు పాడే ఊరు, మన ప్రార్థనలో ఒక్కసారైనా రావద్దా!

బావగారి సంగతికి వస్తే, ఆ పేరు మీరు ఎత్తకండి. అత్తగారు ఎత్తేదాకా ఆగండి. ఎత్తిన రోజున కూడా 'వాడి మనసు మార్చు ప్రభువా' అన్న ప్రార్థన మీ నోట రాకుండా చూసుకోండి. అది దేవుడికి చెప్పినట్టు ఉంటుంది గానీ, వినేవాళ్లకు తిట్టు. ఆయన ఆరోగ్యం, తోడికోడలి మోకాళ్ల నొప్పులో మరేదో, వాళ్ల పిల్లల చదువు... ఇవి అడగండి. మనం మేలు కోరుతున్న మనిషి మీద అదే వేడితో కోపం నిలబెట్టుకోవడం కష్టం. ముందు మారేది మన మాట తీరే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఇతరుల కోసం ప్రార్థన అనే పేరుతో వాళ్ల గుట్టు నలుగురిలో పెట్టేస్తుంటాం. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేని అమ్మాయి కూడికకు వస్తే, నలుగురు పెద్దమ్మలు వరసగా గర్భఫలం కోసం గట్టిగా ప్రార్థిస్తారు. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంటుంది. పండగ పూట కూడికకు రాను మొర్రో అని పుట్టింట్లో ఏడ్చినవాళ్లు నాతో చెప్పుకున్నారు. పేరు ఎత్తే ముందు వాళ్లను అడగండి. అడగలేని సంగతైతే మనసులోనే ప్రార్థించండి.

మీరు కౌలు ఇచ్చినవాళ్లు కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. పనలు తడిసిపోయిన ఏడు కౌలు బస్తాలు ఒక్కటి తగ్గకుండా కొలిపించుకుని, రాత్రికి వాళ్ల కోసం ప్రార్థన చేస్తే ఆ ఇంట్లో ఏమనుకుంటారు? ఈ ఏడు ఎంత తగ్గించగలరో, ఎన్నాళ్లు గడువు ఇవ్వగలరో మీ ఆయనతో కూర్చుని లెక్క వేయండి. ప్రార్థన మాట ఆయనకు చెప్పడం కంటే ఈ మాట చెప్పడమే కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. అయినా చెప్పండి.

బాబును మాత్రం సరిదిద్దకండి. సైకిల్ అడగనివ్వండి. 'నీ క్లాసులో ఎవరు దిగులుగా ఉన్నారు?' అని పడుకునే ముందు అడగండి. ఒక పేరు చెబుతాడు. ఆ పేరు మర్నాడు వాడి వంతులో కలిస్తే ఆ లిస్టు ఇక అప్పజెప్పడంలా ఉండదు.

మీ మనసు ప్రార్థనలో ఉండట్లేదన్నారు. నాకు అది విశ్వాసం తగ్గడంలా కనబడలేదు. ఏడాదిగా నొప్పిని మింగి కూర్చున్నారు, అందుకే. పాస్టరమ్మగారితోనో, నమ్మకమైన స్నేహితురాలితోనో ఒకసారి మనసు విప్పి మాట్లాడండి. అత్తగారు ఈ ఏడు కూడా వద్దంటే గొడవపడకండి, కూడికలో ఆవిడ మనవులకు మనస్ఫూర్తిగా ఆమెన్ చెప్పండి. మరిది వీసా కూడా ఒక మనిషి బతుకే. మీరూ బాబూ మీ గదిలో రోజుకొక పేరు ప్రార్థించుకోండి. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్నది ప్రభువు మాట. కాబట్టి పండగకు ముందు వారం మీ ఆయనకు చెప్పి, అరిసెల డబ్బా పట్టుకుని మీ తోడికోడలి ఇంటికి వెళ్లండి. పంపకాల ఊసు ఎత్తకుండా, పిల్లల్ని పలకరించి కాసేపు కూర్చుని రండి.