బండి సందేహాలు: 140 పోస్తే గేరు సౌండు పోతుందా?

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి. మా నాయన కొన్న 1998 మోడల్ ఓమ్నీ ఉండాది, కార్బురేటర్ బండి. తెల్లారుజామున పూలమూటలు ఏసుకోని తిరుపతి మార్కెట్‌కి పోతా, నెలకోసారి కొండకి కూడా పోయొస్తా. చలి మొదలైనప్పట్నుంచి పొద్దున్నే సెకండ్ గేరు ఏస్తే గర్రుమంటాది, తిరుపతి దగ్గరికొచ్చేసరికి మామూలైపోతాది. మెకానిక్కేమో గేర్ బాక్సులో 140 పోస్తే సౌండు పోతాదంటాడు, ఇంజన్‌లో కూడా చిక్కటిది 20డబ్ల్యూ50 పోసేద్దామంటాడు. అసలు ఇంజన్‌కి 40 ఏంది, గేర్లకి 90, 140 ఏంది, అంత తేడా ఎందుకు?

జవాబు: తమ్ముడూ, 140 మాత్రం వద్దు. నీ లెటర్లోనే జవాబుంది చూడు, చల్లగా ఉన్నప్పుడు గర్రుమంటాది, వేడెక్కితే బాగైపోతాది అన్నావు. అంటే ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడే కష్టం. లోపల సింక్రో రింగులని ఇత్తడివి ఉంటాయి, గేరు పడే ముందు అవి పోయి గేరు పక్కనుండే కోన్‌ని పట్టుకుని రెండు వైపులా స్పీడు సమానం చెయ్యాల, మధ్యలో ఆయిల్ పొర చిక్కగా ఉంటే పట్టు దొరకదు, జారిపోతాది, అప్పుడే గర్రు. దానిమీద ఇంకా చిక్కటి 140 పోస్తే మధ్యాహ్నం పూట సౌండు కాస్త అణిగినట్టుంటాదేమో గానీ పొద్దున పూట ఇంకా మొండికేస్తాది.

నంబర్ల సంగతి చానామందికి తికమకే. ఇంజన్ ఆయిల్ కొలత వేరు, గేర్ ఆయిల్ కొలత వేరు, చొక్కా సైజు 40 కదా చెప్పు సైజు 9 ఏంది అంత చిన్నది అన్నట్టుంటాది. 100 డిగ్రీల వేడిలో చూస్తే గేర్ ఆయిల్ 90 అనేది ఇంజన్ ఆయిల్ 40, 50 మధ్యలోనే ఎక్కడో ఉంటాది, రెండింతల చిక్కనేం కాదు. డబ్ల్యూ ముందుండే నంబరు చలిలో ఎంత పల్చగా ఉంటుందో చెప్తాది, అది ఎంత చిన్నదైతే పొద్దున పూట నీ గేరుకి అంత సుఖం.

నంబరు కంటే ముందు డబ్బా మీద చూడాల్సింది జీఎల్ అని రాసుండే చోట, గేర్ ఆయిల్ ఏ రకమో చెప్పేది అదే. నీ ఓమ్నీ వెనక చక్రాలతో నడిచే బండి, ఆయిల్ మూడు చోట్ల వేరువేరుగా ఉంటాది: ఇంజన్, గేర్ బాక్సు, వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాల మధ్యలో పళ్లచక్రాలుండే పెట్టె. హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటా తిరుగుతాయి, దానికి జీఎల్-5 కావాల, అందులో గంధకం మందు ఎక్కువ, మూత తీస్తే గుప్పుమనే ఆ వాసన దానిదే. అదే ఆయిల్ గేర్ బాక్సులో పోస్తే ఇత్తడి రింగులకి పడదు, పైగా జారుడు కూడా ఎక్కువ. గేర్ బాక్సుకి జీఎల్-4, 75డబ్ల్యూ90 గానీ 80డబ్ల్యూ90 గానీ తెచ్చుకో, హౌసింగ్‌కి జీఎల్-5 80డబ్ల్యూ90. షాపులో ఊరికే తొంభై ఆయిల్ ఇవ్వన్నా అంటే వాళ్లు ఒకటే డబ్బా ఇచ్చి పంపిస్తారు, రెండిట్లోనూ అదే పడతాది. బండి పుస్తకం ఇంట్లో యాడన్నా ఉంటే దాని మాటే ఫైనల్.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడు. ముందు పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది బోల్టు విప్పమను, పాత బండిలో పైది తుప్పుపట్టి రాకపోతే ఆయిలంతా కారిపోయి బండి అక్కడే కూర్చుంటాది. నేను ఒకసారి అట్లా కూర్చున్నా, ఆదివారం పూట. కారిన ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూడు. బూడిదరంగు పేస్టు మాదిరి కొంచెం ఉంటే మామూలే, బంగారు పొడి మాదిరి మెరిస్తే రింగులు అరిగినట్టే, అప్పుడు ఏ ఆయిలూ కాపాడదు, బాక్సు దించాల్సిందే.

ఇంజన్‌కి 20డబ్ల్యూ40 చాలు. 50 ఎప్పుడంటే, కొండెక్కి అలిపిరికి దిగొచ్చినాక స్లోలో ఉన్నప్పుడు ఆయిల్ లైటు మినుక్కుమంటే, అదీ ముందు గేజి పుల్ల తీసి చూసి లెవెల్ సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే. పొద్దున స్టార్ట్ చెయ్యంగానే ఒకసారి నీలం పొగొచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయినట్టు, ఘాట్ ఎక్కేటప్పుడు విడవకుండా వస్తే ఇంజన్‌లో పిస్టన్ రింగులు అరిగినట్టు.

ప్రశ్న: మాది చిత్తూరు అండి. మా ఆయన పాత వ్యాన్‌లో ఆయిల్ తగ్గడమే లేదు, పైగా పెరుగుతోంది, మంచి ఇంజన్ అని సంబరపడుతున్నారు. నిజమేనా?

జవాబు: సంబరం ఆపమనండమ్మా. గేజి తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసనొస్తే బండి పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ అనే పల్చటి పొర చిరిగి పెట్రోలు ఇంజన్‌లోకి దిగుతున్నట్టు, కార్బురేటర్ బళ్లలో ఇది ఉండేదే. ఆయిల్ మజ్జిగ మాదిరి తెల్లగా ఉంటే రేడియేటర్ నీళ్లు కలుస్తున్నట్టు. రెండిట్లో ఏదైనా బండి బయటికి తియ్యొద్దు, ముందు రిపేరు, తర్వాత ఆయిల్, ఫిల్టర్ రెండూ కొత్తవి.

ప్రశ్న: బైక్‌కి తెచ్చిన 20డబ్ల్యూ40 లీటరు మిగిలింది, వ్యాన్‌లో పోసేయొచ్చా? - శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: లెవెల్ తగ్గితే అవసరానికి కలుపుకోవచ్చు, ఇంజన్‌కేం కాదు. కారు డబ్బా ఆయిల్ మాత్రం బైక్‌లో పోయకండి, బైక్‌లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో తడుస్తా ఉంటాయి, జారిపోతాయి.