ఎక్సెల్ తెరిచే ముందు ఓపీలో కూర్చో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలి, ట్రస్టు ఆసుపత్రులకు సలహాలిచ్చే పనిలోకి వస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సోమవారం మొదటి ఆసుపత్రికి వెళ్తున్నావట, అదీ కంటి ఆసుపత్రికి. చాలా సంతోషం తల్లీ. ముప్ఫై ఏళ్లు ఇదే పని మీద ఊళ్లు తిరిగాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ట్రస్టీలు నీతో మొదట అనే మాట ఏమిటో ఇప్పుడే చెబుతాను. "ఉచిత రోగులు ఎక్కువైపోయారమ్మా, అందుకే నష్టం వస్తోంది" అంటారు. మంచివాళ్లే, బాధతోనే అంటారు. కానీ ఆ మాట వెంటనే ఒప్పేసుకోకు. వాళ్ల ఎదురుగానే కాగితం మీద లెక్క వెయ్యి. జీతాలు, కరెంటు, అద్దె, మెషీన్ల కిస్తీలు కలిపి నెలకు 6 లక్షలు అనుకుందాం. రోగి వచ్చినా రాకపోయినా కట్టాల్సిన డబ్బు అది. నెలకు 200 శుక్లాల ఆపరేషన్లు చేస్తే ఒక్కోదాని మీద 3,000 పడుతుంది. అదే మనుషులు, అదే థియేటర్‌తో 400 చేస్తే 1,500 పడుతుంది. ఉచిత రోగి వల్ల కొత్తగా పెరిగేది కంట్లో అమర్చే లెన్సు, మందులు, భోజనం ఖర్చు. అతన్ని వెనక్కి పంపితే అదొక్కటే మిగులుతుంది, ఆ 6 లక్షల్లో రూపాయి తగ్గదు. చాలాచోట్ల అసలు నష్టం, సగం రోజు ఖాళీగా ఉండే ఆపరేషన్ బల్ల దగ్గరే నాకు కనిపించింది.

ఒక ఊళ్లో మూడు రోజులు థియేటర్ బయట నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. డాక్టరుగారు ఎనిమిదిన్నరకల్లా వచ్చేవారు. మొదటి ఆపరేషన్ మాత్రం పదీ పదికి గానీ మొదలయ్యేది కాదు. ఎందుకంటే బీపీ, షుగర్ పొద్దున్నే చూసేవారు. షుగర్ ఎక్కువున్నవాళ్లను ఆ పూట పక్కన పెట్టి, వాళ్ల బదులు ఇంకొకరిని వెతికి, అప్పుడు కంట్లో చుక్కలు వేసేవారు. ఆ చుక్కలకు కంటిపాప పెద్దదయ్యేదాకా అందరూ ఎదురుచూడాలి. ఈ సంగతి అక్కడి హెడ్ సిస్టర్‌కు ఎప్పటినుంచో తెలుసు, ఆవిడను అడిగినవాళ్లే లేరు. పరీక్షలు ముందురోజు సాయంత్రానికి మార్చాం, చుక్కలు ఏడింటికే మొదలుపెట్టాం. రోజుకు ఎనిమిది చేసే థియేటర్‌లో పన్నెండు అయ్యాయి. కొత్త మెషీన్ కొనలేదు, ఎవరినీ తీసెయ్యలేదు. అందుకే ఎక్కడికి వెళ్లినా ముందు సిస్టర్లను, ఆయమ్మలను, కౌంటర్‌లో కుర్రాడిని అడుగు. తర్వాతే మేనేజర్ గది.

మదురై అరవింద్ కంటి ఆసుపత్రి గురించి నువ్వు చదివే ఉంటావు. డాక్టర్ జి. వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. అక్కడ సర్జన్‌కు రెండు బల్లలు ఉంటాయి. ఒకదాని మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండోదాని మీద రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. లెన్సుల ఖరీదు మోయలేనిదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేయడం మొదలుపెట్టారు. అదే ఏడాది వేరే ఆసుపత్రులకు నేర్పడానికి లైకో అనే సంస్థ కూడా పెట్టారు. మన వృత్తికి అంతకన్నా మంచి బడి లేదని నా నమ్మకం, వీలు చూసుకుని వెళ్లి చూసిరా. తమకు తెలిసిన పద్ధతులన్నీ పక్క ఆసుపత్రుల చేతిలో పెట్టేస్తారు.

వాళ్ల దగ్గర నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటుంది. డబ్బు కట్టే విభాగానికి వెళ్లాలా, ఉచిత విభాగానికి వెళ్లాలా అన్నది అక్కడ రోగి ఇష్టం. పేదవాడినని ఎవరికీ రుజువు చూపించక్కర్లేదు. ఇది తెలియని రోజుల్లో ఒక చిన్న ఆసుపత్రికి నేనే సలహా ఇచ్చాను, తెల్ల రేషన్ కార్డు చూపిస్తేనే ఉచితం అని. ఉన్నవాళ్లు ఉచితంగా చేయించుకుపోతున్నారన్నది మా బాధ. రెండో వారంలో ఒక ముసలమ్మ ప్లాస్టిక్ కవర్‌లోంచి పాత చీటీలన్నీ తీసి ఒక్కొక్కటీ కౌంటర్ మీద పరిచింది. కార్డు కొడుకు దగ్గర ఉంది, కొడుకు వేరే కాపురం. మళ్లీ తెచ్చుకొమ్మన్నారు. చీటీలన్నీ మడిచి కవర్‌లో పెట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. మళ్లీ రాలేదు. ఆ నెలాఖరుకు రూలు తీయించేశాను గానీ, ఆవిడను ఎక్కడని వెతకను?

కాబట్టి వచ్చినవాళ్ల లెక్కతో పాటు రానివాళ్ల లెక్క కూడా వెయ్యమ్మా. బస్సు చార్జీ, తోడుగా వచ్చే మనిషికి పోయే కూలి, ఇవేవీ ఆసుపత్రి పుస్తకాల్లో ఉండవు. మన హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పల్లెల దగ్గరే కళ్లు పరీక్షించి కళ్లజోళ్లిచ్చే విజన్ సెంటర్లు పెట్టింది అందుకే. కళ్లజోడు కోసం పట్నం రమ్మంటే ఎవరొస్తారు?

ఆరోగ్యశ్రీ కేసులు చేసే ఆసుపత్రి అయితే బిల్లులు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. జీతాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచమని చెప్పు. క్లెయిమ్ కాగితాలు రోగి డిశ్చార్జి అయిన రోజే పూర్తి చేయించు. దీని మీద ఇంతకన్నా రాయక్కర్లేదు, నీకే తెలుస్తుంది.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పేషెంట్లను పంపే ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇద్దామని ఎవరో ఒకరు అంటారు. డాక్టరు కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. నీ రిపోర్టులో ఏ పేరుతోనూ ఆ ఖర్చు రాయకు. డాక్టర్లకు ఇన్ని స్కాన్‌లు అని టార్గెట్లు పెట్టకు. మెషీన్ల కంపెనీ వాళ్ల దగ్గర కాఫీ కూడా వద్దు. నీ ఫీజు మాత్రం మొహమాటపడకుండా అడిగి తీసుకో. ఊరికే ఇచ్చిన సలహాను అమలు చేసిన ట్రస్టును నేను పెద్దగా చూడలేదు.

సోమవారం ఆ ఊళ్లో సంత ఉంటుందేమో కనుక్కో. ఉంటే ఓపీ కిటకిటలాడుతుంది, నీకు అదే మంచిది. కారులో కాకుండా బస్సులో దిగి, ఏడింటికల్లా గేటు దగ్గర ఉండు. మొదట వచ్చిన రోగి టోకెన్ తీసుకున్న టైము, మందులు చేతికొచ్చి బయటికి వెళ్లిన టైము రాసుకో. రాత్రికి నాకు ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

నీ మామయ్య