లేకర్ ఎయిర్‌వేస్‌ని చవక టిక్కెట్లే ముంచాయా?

ప్రశ్న అడిగినవారు ఇలా రాశారు: "బ్రిటన్‌లో చార్టర్ విమానాలు, అంటే గంపగుత్తగా అద్దెకిచ్చే విమానాలు నడుపుతూ పైకొచ్చిన లేకర్ ఎయిర్‌వేస్ 1982లో ఎందుకు మూతపడింది? మరీ చవగ్గా టిక్కెట్లు అమ్మడం వల్లేనా?"

కాదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నేను లేకర్ వాళ్ళ 59 పౌండ్ల న్యూయార్క్ టిక్కెట్టు మీద ప్రయాణం చేసినవాణ్ణి. ముందు ఆ కథ చెప్పి, తర్వాత మీ ప్రశ్న దగ్గరికి వస్తాను.

1978లో నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసేవాణ్ణి. మా అక్క, బావ న్యూయార్క్‌లో ఫ్లషింగ్‌లో ఉండేవాళ్ళు. ఆ జులైలో అక్కకి ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు. తెనాలిలో ఉండుంటే పుట్టింట్లో అయిదో నెల దాకా మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. అమెరికాలో చూస్తే పుట్టింటివాళ్ళు ఒక్కరూ లేరు. నాన్న పోయి మూడేళ్ళు. అమ్మకి పాస్‌పోర్టే లేదు. అమ్మ నీలం రంగు ఎయిర్ లెటర్‌లో నాకు ఒకటే ముక్క రాసింది: "మనవాళ్ళు ఒక్కరైనా వెళ్ళి బిడ్డ మొహం చూసి రావద్దూ? నువ్వే పుట్టిల్లు అనుకుని వెళ్ళి రారా." ఆ ఉత్తరంతో పాటు, లండన్ వస్తున్న మా ఊరి డాక్టరు గారి చేతికి బాలింత కాయం సీసా ఒకటి ఇచ్చి పంపింది. మిరియాలు, సొంఠి, బెల్లం, నెయ్యి... అమ్మ సొంతంగా దంచి వండినది.

సీసా చేతికొచ్చింది కానీ న్యూయార్క్ వెళ్ళేది ఎలా? మామూలు టిక్కెట్టు నాకు నెల జీతానికి దగ్గర. లేకర్ వాళ్ళు స్కైట్రైన్ అనే పేరుతో నడిపే విమానానికి 59 పౌండ్లు. అప్పట్లో నా చేతికొచ్చే వారం జీతం సుమారు అంతే.

షరతు ఏమిటంటే ముందుగా సీటు రిజర్వేషన్ ఉండదు. ఏ రోజు టిక్కెట్టు ఆ రోజే, లండన్ విక్టోరియా స్టేషన్‌లోనో, గాట్విక్ విమానాశ్రయంలోనో వరుసలో నిలబడి కొనుక్కోవాలి. పేరులోనే ఉంది కదా, రైలు బండి ఎక్కినట్టు విమానం ఎక్కడం. కోవెంట్రీలో ఫ్యాక్టరీలన్నీ వేసవిలో రెండు వారాలు మూసేవాళ్ళు. ఆ సెలవులు మొదలైన శుక్రవారం సాయంత్రం రైలెక్కి విక్టోరియా చేరేసరికి వరుస స్టేషన్ బయట పేవ్‌మెంట్ మీదకి వచ్చేసింది. సరిగ్గా తిరుపతిలో సర్వదర్శనం క్యూ. దుప్పట్లు పరుచుకున్నవాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నవాళ్ళు, గిటారు వాయిస్తున్న కుర్రాళ్ళు. ముందున్నవాళ్ళే ఒక కాగితం మీద పేర్లు రాసి నంబర్లు వేసుకున్నారు. టాయిలెట్‌కి వెళ్ళొస్తే ఎవరి చోటు వాళ్ళకే ఉండేది, ఒక్క తగువు లేదు.

ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ ఒక రాత్రి అక్కడే ఉన్నాను. లండన్‌లో ఉన్న స్నేహితుడి భార్య చింతపండు పులిహోర కట్టిచ్చింది, రెండో రోజుకి ఇంకా రుచెక్కింది. నా ముందు డెబ్బై ఏళ్ళు దాటిన ఒక ఐరిష్ పెద్దావిడ, చిన్న మడత కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. కొడుకు అమెరికా వెళ్ళి ఇరవై రెండేళ్ళయిందట. మధ్యలో ఒక్కసారి వచ్చాడట. మనవల్ని ఫోటోల్లో చూడటమే. పులిహోర పెడితే కళ్ళలో నీళ్ళు తిరిగేంత కారమన్నా ఆపకుండా తింది, ఫ్లాస్కులోంచి నాకు టీ పోసింది. నా చేతిలో గుడ్డ చుట్టిన సీసా ఏమిటని అడిగితే, మా అక్కకి మా అమ్మ చేసిన మందు అని చెప్పాను. "అయితే దాన్ని నీ బట్టల మధ్య పెట్టు నాయనా, ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతే జారిపోతుంది" అని తనే లేచి నా సంచీ సర్దింది. ఆ వరుసలో ఎవరిని కదిపినా ఇలాంటి కథే. ఎవరూ షికారుకి వెళ్ళడం లేదు, తమవాళ్ళ దగ్గరికి వెళ్తున్నారు.

ఆదివారం తెల్లవారుజామున టిక్కెట్టు చేతికొచ్చింది. గాట్విక్‌లో తోక మీద పెద్దక్షరాలతో లేకర్ అని రాసి ఉన్న డీసీ-10 విమానం. 345 సీట్లు, ఒక్కటీ ఖాళీ లేదు. తిండి కావాలంటే డబ్బులిచ్చి కొనుక్కోవాలి, లేదా తెచ్చుకున్నది తినాలి. మనవాళ్ళకి అదేమన్నా కొత్తా? న్యూయార్క్‌లో కస్టమ్స్ ఆయన సీసా మూత తీసి వాసన చూసి ఇదేమిటన్నాడు. బాలింతరాలికి మందు అన్నాను. ఇంకోసారి వాసన చూసి మూత బిగించి ఇచ్చేశాడు. సాయంత్రానికి మూడు వారాల మేనకోడలు నా చేతుల్లో ఉంది. అక్క ఆ సీసా మూత తీసి, వేలితో కొంచెం నాకి, గోడ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు మీ ప్రశ్న.

ఫ్రెడ్డీ లేకర్ ఎవరో తెలియకుండానే చాలామంది ఆయన తెలివితక్కువతనం గురించి తీర్పులిస్తారు. 1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కి దారులు మూసినప్పుడు, బ్రిటన్ ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీ వదిలించుకున్న పాత విమానాలు కొని ఆ నగరానికి సరుకులు మోసి పైకొచ్చిన మనిషి ఆయన. తర్వాత బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్‌ని నడిపాడు. 1966లో సొంతంగా లేకర్ ఎయిర్‌వేస్ పెట్టినప్పుడు మొదట ఎగిరినవి కూడా బీఓఏసీ వాడేసిన రెండు బ్రిటానియా విమానాలే. టూర్ కంపెనీలకి విమానాన్ని గంటల లెక్కన గంపగుత్తగా అద్దెకివ్వడం ఆయన పద్ధతి. సీట్లు నింపే బాధ్యత అద్దెకు తీసుకున్నవాళ్ళది. ఇంధనం ఆదా కోసం టేకాఫ్‌లో ఇంజన్లని అవసరమైనంత బలంతోనే వాడాలని పైలట్లకి నేర్పించాడు. ఇలా పైసా పైసా లెక్క చూసుకునేవాడికి 59 పౌండ్లు గిట్టుబాటు కాదని తెలియదా?

ఇక ఆ రోజుల రూల్ వింటే మీకు ఒళ్ళు మండుతుంది. అట్లాంటిక్ మీద చార్టర్ విమానం ఎక్కాలంటే మీరు ఏదో ఒక సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యులై ఉండాలి. ఆ సంఘం పని ప్రయాణం కాకూడదు, ఇంకేదన్నా అయ్యుండాలి. దాంతో జనం ఉత్తుత్తి సంఘాల్లో పాత తేదీలు వేసుకుని చేరేవాళ్ళు. అధికారులు విమానాశ్రయంలో పట్టుకుని మామూలు మనుషుల్ని దొంగల్లా ప్రశ్నించేవాళ్ళు. కూతుర్ని చూడ్డానికి వెళ్తున్న తల్లి తోటపనివాళ్ళ సంఘం సభ్యురాలినని అబద్ధం చెప్పాలా? ఈ అవమానం చూసే, సంఘాలూ వద్దు, రిజర్వేషనూ వద్దు, వచ్చినవాడికి వచ్చినట్టు టిక్కెట్టిస్తానని లేకర్ 1971లో స్కైట్రైన్‌కి అనుమతి అడిగాడు. 1972లో లైసెన్సు వచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది, మంత్రి పీటర్ షోర్ అడ్డుకున్నాడు. లేకర్ కోర్టుకెక్కాడు, న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు కోర్టులో గెలిచాడు. అమెరికా వైపు నుంచి ప్రెసిడెంట్ కార్టర్ సంతకం కూడా పడ్డాక, 1977 సెప్టెంబరు 26న మొదటి స్కైట్రైన్ ఎగిరింది. ఆరేళ్ళు పట్టింది. మరుసటి ఏడాదే ఆయన్ని సర్ ఫ్రెడ్డీని చేశారు.

అసలు సంగతి వినండి. స్కైట్రైన్ రాగానే పెద్ద కంపెనీలు కూడా స్టాండ్‌బై పేరుతో, అంటే చివర్లో మిగిలిన సీట్లకి, ధరలు దించాయి. అంటే దించగలిగీ అన్నేళ్ళూ దించలేదన్నమాట! నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఎందుకు మునిగాడంటారా? డాలర్ అప్పు. అదొక్కటే అసలు రోగం, మిగతావన్నీ దాని పైన లేచిన పుండ్లు. పాత విమానాలతో పెరిగిన మనిషి, 1979 ప్రాంతంలో కొత్త ఎయిర్‌బస్ ఏ300లు పదింటికి, ఎక్కువ దూరం ఎగిరే డీసీ-10లు అయిదింటికి చెయ్యి చాపాడు. అప్పులు డాలర్లలో. ఆయన విమానమెక్కే జనంలో ఎక్కువమంది బ్రిటిష్‌వాళ్ళు, రాబడిలో పెద్ద భాగం పౌండ్లలో. 1980 చివర పౌండుకి 2.40 డాలర్ల దాకా వచ్చేవి. 1982 ఫిబ్రవరి నాటికి అది 1.85 దగ్గరికి పడింది. అంటే 100 డాలర్ల వాయిదాకి అంతకుముందు 42 పౌండ్లు చాలేవి, ఇప్పుడు 54 కట్టాలి. ఒక్క సీటు ఖాళీ లేకపోయినా, ఒక్క తప్పు చెయ్యకపోయినా అప్పు దానంతటదే పావు వంతుకి పైగా పెరిగింది. మనవాళ్ళలో కూడా అమెరికాలో అప్పులుంచుకుని ఇండియా వచ్చేసి, రూపాయల జీతంతో డాలర్ల వాయిదాలు కట్టేవాళ్ళని అడగండి, ఆ మంట ఎలా ఉంటుందో చెబుతారు. ఈ మధ్య పిల్లలు ఏ కరెన్సీలో సంపాదిస్తామో తెలియకుండానే లక్షల అప్పు చేసి విమానమెక్కేస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులైనా ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా బాధ.

దాని మీద మిగతావి వచ్చి పడ్డాయి. 1979 మే నెలలో షికాగోలో వేరే సంస్థ డీసీ-10 కూలిపోతే, జూన్‌లో ఆ రకం విమానాలన్నిటినీ నేల మీద నిలబెట్టేశారు. వేసవి, ఆయనకి నాలుగు డబ్బులొచ్చే కాలం. తర్వాత చమురు ధర, మాంద్యం. 1981 చివర్లో అమెరికా విమాన సంస్థ పాన్ ఆమ్ తన అట్లాంటిక్ ఛార్జీల్ని భారీగా కోసింది, మిగతా పెద్దవాళ్ళూ దాని వెంట నడిచారు. అదే ధరకి భోజనం పెట్టి, ఖాయం సీటిచ్చే పెద్ద కంపెనీ ఉంటే లేకర్ దగ్గరికి ఎవరెళ్తారు? వాళ్ళకి నష్టాన్ని మోయడానికి ఇతర దారులు, ఇతర రూట్లు ఉన్నాయి. ఈయనకి అంత బలం లేదు.

1982 ఫిబ్రవరి 5, శుక్రవారం. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రేడియోలో చెప్పారు. గాల్లో ఉన్న విమానాల్ని కూడా వెనక్కి పిలిచారట. అప్పు 25 కోట్ల పౌండ్ల పైమాటే. ఆ తర్వాత జరిగింది చూడండి: దివాలా తీసిన విమాన కంపెనీని కాపాడమని మామూలు జనం తమ డబ్బులు చందాలుగా పంపారు. నేనూ 5 పౌండ్లు పంపాను. ఇంకే విమాన కంపెనీకైనా ప్రయాణికులు చందాలు వేసుకున్నారా? నేనైతే వినలేదు.

పెద్ద కంపెనీలు కూడబలుక్కుని ముంచాయని లిక్విడేటరు (దివాలా తీసిన కంపెనీ లెక్కలు తేల్చే అధికారి) అమెరికా కోర్టులో దావా వేశాడు. 1985లో కోర్టు బయట రాజీ అయింది. లేకర్‌కి సొంతంగా 80 లక్షల డాలర్లు దక్కాయి. తప్పేమీ లేనివాళ్ళు అంత సొమ్ము ఎందుకిస్తారని నా ప్రశ్న.

"చవగ్గా ఇస్తే మునిగిపోతారు" అనేవాళ్ళ మీద నా కోపం అందుకే. ఆ సూత్రం చెప్పేవాళ్ళే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడకి ప్రైవేటు బస్సు టిక్కెట్టు మూడింతలు చేస్తే "డిమాండ్ కదండీ" అని సమర్థిస్తారు. పండక్కి ఇంటికెళ్ళడం కూడా డిమాండేనా? డిసెంబరులో అమెరికా నుంచి హైదరాబాద్ ఛార్జీలు చూసి మా మేనకోడలు ప్రతి ఏడూ ప్రయాణం ఫిబ్రవరికి మారుస్తుంది. ఫిబ్రవరిలో సంక్రాంతి ఎక్కడుంది? తిండికి విడిగా డబ్బు తీసుకోవడం ఇప్పటి విమాన కంపెనీలు లేకర్ దగ్గరే నేర్చుకున్నాయి, ఆయన అది తీసేసి 59 పౌండ్లకి ఇచ్చాడన్న సంగతి మాత్రం మర్చిపోయాయి.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. 1981 ఆగస్టులో అమ్మకి పాస్‌పోర్టు, వీసాలు చేయించి, లండన్ పిలిపించుకుని, అక్కడి నుంచి స్కైట్రైన్‌లోనే నాతో పాటు న్యూయార్క్ తీసుకెళ్ళాను. అప్పటికి ముందుగా సీటు బుక్ చేసుకునే వీలు వచ్చింది, పేవ్‌మెంట్ మీద పడుకోనక్కర్లేదు. అమ్మ డబ్బాలో పెరుగన్నం తింటూ టిక్కెట్టు ఎంతయిందో అడిగింది. రూపాయల్లో చెబితే, "ఇంత తక్కువకి ఆ మహానుభావుడికి ఏం మిగులుతుందిరా?" అంది. అప్పులిచ్చేటప్పుడు బ్యాంకులవాళ్ళు అడగాల్సిన ప్రశ్న.

మర్నాడు ఫ్లషింగ్ గణేశ గుడికి వెళ్ళాం. అమ్మ మనవరాల్ని చంకనేసుకుని అర్చన చేయిస్తోంది. అక్క పేరు, బావ పేరు, పాప పేరు, నా పేరు అన్నీ అయ్యాక, "ఇంకొకటి, ఫ్రెడ్డీ" అంది. పూజారి గారు తలెత్తి గోత్రం అడిగారు.

"తెలియదు బాబూ, తెలియనివాళ్ళకి కాశ్యపస గోత్రమే కదా, చెప్పండి" అంది. ఆయన చెప్పారు.