గట్టుమీద ఉన్న చెట్టుకూ ధర కట్టు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

నీవు ఉద్యోగం మానుకొని, కోలారు జిల్లా ముళబాగిలు చుట్టుపక్కల పల్లెల్లో పాలు సేకరించి, గట్లమీద చెట్లు పెంచేవారికీ, పచ్చిక కాపాడేవారికీ, రసాయన ఎరువులు తగ్గించేవారికీ లీటరుకు కొంత అదనంగా చెల్లించే సంస్థ పెట్టబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు, పాలసేకరణ కొలువులోనే తల నెరిసిన నాకు ఎంత గర్వం కలిగిందో అంత దిగులూ పట్టుకున్నది. వెన్నశాతం, వెన్న కాని ఘనపదార్థాల కొలతైన ఎస్‌ఎన్‌ఎఫ్ చూసి ధర కట్టడం, చల్లబరచడం, రవాణా, లైసెన్సులు నీవే నేర్చుకోగలవు. వాటి గురించి రాయను.

ముందుగా ఒక లెక్క చూసుకో. సహకార సంఘంలో పాలు పోసే రైతుకు కర్ణాటక ప్రభుత్వం లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహకం ఇస్తున్నది. ఆ పాలు నీకు పోస్తే అది పోతుంది. అప్పుడు నీవిచ్చే మొదటి 5 రూపాయలు ప్రకృతికి కాక ఆ గండి పూడ్చడానికే సరిపోతాయి. పాలు సంఘంలోనే పోయనిచ్చి, చెట్టూ చేమా నిలిపినందుకు ఇచ్చే సొమ్మును మాత్రమే నీవు విడిగా చెల్లించరాదా?

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను. నేను కొలువులో చేరిన కొత్తలో, ఏ సంఘమన్నది ఇప్పుడు అనవసరం, గట్లమీద చెట్లు పెంచే పాడిరైతులకు సంవత్సరాంతంలో బోనసు ఇవ్వాలని పైవారు తీర్మానించారు. ఆలోచన మంచిదే, కాని దాన్ని నాటిన మొక్కల లెక్కమీద కట్టారు. రెండు సీమావులతో సంసారం ఈదుకొస్తున్న ఒక ముసలమ్మకు గట్టున కానుగలు, ఒక పెద్ద నేరేడు, కంచె పొడవునా తంగేడు ఉండేవి. కానుగ పూతకు వచ్చే తేనెటీగలనూ, నేరేడు కాపుకు వాలే చిలుకలనూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు కొత్తగా నాటడానికి చోటే లేదు కనుక జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా సున్న పడింది. పక్క పొలం ఆసామి మాత్రం తాతలనాటి వేపచెట్లను కొట్టించి, కట్టెలు అమ్ముకొని, అదే చోట సుబాబుల్ మొక్కలు వరసగా పెట్టి, వేదికమీద శాలువా కప్పించుకున్నాడు. ఎండాకాలానికి వాటిలో చాలావరకు మాడిపోయినా చూసేందుకు ఎవరూ వెళ్లలేదు, ఎందుకంటే లెక్క నాటిననాడే ముగిసింది. మరుసటి ఏడు నేను ఆ ఊరు వెళ్లేసరికి ముసలమ్మ గట్టున నేరేడు లేదు, మొద్దు ఉన్నది. అడిగితే, “నాటితేనే దుడ్లంట గదా సామీ, జాగా చేసినా” అన్నది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి తల్లీ, నీ పట్టికలో ‘కొత్తగా ఏమి చేశారు’ అనే గడికంటే ముందు ‘ఇప్పటికే ఏమి నిలిపి ఉంచారు’ అనే గడి ఉండాలి. దానికి ఏటేటా చెల్లింపు ఉండాలి.

నెదర్లాండ్స్‌లో ఫ్రీస్‌ల్యాండ్‌కాంపినా అనే పాల సహకార సంస్థ, రాబోబ్యాంకు, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కలిసి రూపొందించిన జీవవైవిధ్య కొలమానాన్ని నీవు చదివే ఉంటావు. శాశ్వత పచ్చిక ఎంత, నేలలో మిగిలిపోయే నత్రజని ఎంత, గాలిలో కలిసే అమోనియా ఎంత, పశువు తినే మాంసకృత్తుల్లో సొంత భూమిలో పండినవి ఎన్ని అని అక్కడ ఫలితాలను చూస్తారు. వాటిని సాధించే దారి రైతు ఇష్టం. ఆ పద్ధతి నేర్చుకో, కొలతలను మాత్రం ఎత్తుకురాకు. మన కోలారు రైతుకు పొలం చిన్నది, పశువుకు రాగిగడ్డి, కొన్న దాణా. మేపుకునే నేల అంటే ఊరుమ్మడి గోమాళమే. నూరు పశువులకు 30 ఎకరాల చొప్పున గోమాళం ఉంచాలని రెవెన్యూ నియమాలు చెబుతున్నా, అది ఆక్రమణల పాలైన ఊళ్లెన్నో నేను చూశాను. ఇంటింటినీ విడిగా కొలిస్తే గోమాళం ఎవరి ఖాతాలోకీ రాదు. దాన్ని నిలుపుకున్న ఊరికి ఉమ్మడిగా కొంత సొమ్ము కేటాయించు.

పశువుల నొప్పి మందుల దగ్గర కఠినంగా ఉండు. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనూ, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను 2023లోనూ నిషేధించారు. ఆ మందుల్లో ఏదైనా ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. మనకు దగ్గరలో రామనగర కొండల్లో మిగిలినవి కొద్దిపాటే. నాకు రాబందులంటే చిన్నప్పటినుంచీ భయమే, అయినా నీ సొమ్ము తీసుకున్న ఇంటి పశువువల్ల అవి చావకూడదు. వాటికి బదులు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ రాసే పశువైద్యుణ్ణి ముందే కుదుర్చుకో.

సొమ్మును పాలు పితికి, పేడ ఎత్తే ఆడమనిషి ఖాతాలోనే వేయి. ఒక ఏడాది ఇచ్చి మరుసటి ఏడాది ఆపితే ఆ గట్లమీద గొడ్డలి పడుతుంది. అందుకని మూడేళ్ల చెల్లింపులకు సరిపడా నిధి బ్యాంకులో పడేదాకా రాజీనామా ఇవ్వకు, మీ నాన్న నీ పేరున దాచినదాని జోలికి వెళ్లకు. కోపం వస్తే రానీ, పెదనాన్నను కాక ఎవరిని కోప్పడతావు?

ఆదివారం నీ పట్టిక తీసుకొని రా. ఒక ఊరి పశువులు, గోమాళం, గట్లమీది చెట్లు కలిపి లెక్క వేసి చూద్దాం. నీవు అనుకున్న మొత్తం చాలుతుందో లేదో ఆ రోజే తేలిపోతుంది.

ఇట్లు,
పెదనాన్న