ఆటలమ్మ తగ్గింది కానీ.. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. స్కిజోఫ్రీనియాతో ఎనిమిది నెలలుగా మానసిక వైద్యశాలలో ఉన్నాడు. క్లోజపిన్ మాత్రలు ఇస్తున్నారు. ఈమధ్య వార్డులో ఒకరి తర్వాత ఒకరికి ఆటలమ్మ పోసింది. తమ్ముడికీ వచ్చింది. నెలన్నర పాటు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పొక్కులన్నీ మాడిపోయాయని చెప్తే మొన్న వెళ్లాం. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నా పాపం వల్లే అందరికీ అమ్మవారు పోసింది, మీరు నన్ను వదిలేశారు" అన్నాడు. వాడికి ధైర్యం ఎలా చెప్పాలి? ఇంటికి తెచ్చేసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ధైర్యం చెప్పే ముందు ఒక పని చేయండి. తమ్ముడు అలా పడి ఉండటం బాధతోనా, మందు మత్తుతోనా అని అక్కడి డాక్టరుగారిని అడగండి. క్లోజపిన్ వాడేవారికి జ్వరం, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిపోవచ్చు. అప్పుడు విపరీతమైన మత్తు, చొంగ కారడం, మలబద్ధకం కనిపిస్తాయి. బయటి నుంచి చూసేవాళ్లకు దిగులుతో ముడుచుకుపోయినట్టే ఉంటుంది. తెల్లరక్తకణాల పరీక్ష ఎప్పుడు చేశారో కూడా కనుక్కోండి. మళ్లీ జ్వరం వచ్చినా, గొంతు నొప్పి అన్నా, ఒళ్లు బిగుసుకుపోయినా ఆగకుండా చెప్పాలి.

ఒంట్లో ఏ తేడా లేదని తేలాక మనసు సంగతి చూద్దాం. తమ్ముడు అన్న మాటలు రెండు. రెండింటికీ ఒకే జవాబు పనికిరాదు.

"వదిలేశారు" అన్నది భ్రమ కాదు. అతని వైపు నుంచి చూస్తే జరిగింది అదే. వారం వారం వచ్చే అక్క ఉన్నట్టుండి రావడం మానేసింది. "వాళ్లే రానివ్వలేదు, మేమేం చేస్తాం" అని వాదించకండి. "నెలన్నర రాలేకపోయాను. నువ్వు ఎదురుచూసి ఉంటావు. నాకూ కష్టంగానే గడిచింది" అనండి, అంతే. కొవిడ్ రోజుల్లో నేను పనిచేసిన వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. ప్రతి ఆదివారం తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గ్రిల్ దగ్గర నిలబడేవారు, కొడుకు వచ్చే టైముకి. రాకపోకలు ఆపేశామని ఆయనకు ఒక్కసారే చెప్పాం. మాస్కు వెనక నుంచి, హడావుడిగా. రోజూ చెప్పి ఉండాల్సింది. నాలుగో ఆదివారం ఆయన తల దువ్వుకోలేదు. అది చూశాకే మాకు అర్థమైంది. మీ తమ్ముడికి కూడా ఎవరైనా కూర్చుని వివరంగా చెప్పారో లేదో అడగండి. చెప్పకపోతే ఇప్పుడైనా చెప్పొచ్చు.

మళ్లీ ఇలాంటి పరిస్థితి వస్తే ఫోన్ ఆగకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్నవారికి ఫోన్ మాట్లాడే, మనుషుల్ని కలిసే హక్కు ఉంది. అంటువ్యాధి వల్ల కలవడం ఆపినా, ఫోన్ ఆపాల్సిన అవసరం లేదు. పొక్కులు ఆరేవరకు రోగిని విడిగా ఉంచడం వైద్యం. ఒంటరి గదిలో బంధించడాన్ని మాత్రం ఆ చట్టం ఒప్పుకోదు.

ఇక "నా పాపం" అన్న మాట. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. కాదని గట్టిగా కొట్టిపారేస్తే మీరు కూడా తనను నమ్మడం లేదనుకుంటాడు. ఔనంటే ఆ నమ్మకం ఇంకా ముదురుతుంది. "నీకు అలా అనిపిస్తోందా? ఎంత భారంగా ఉందో కదా" అని ముందు వినండి. తర్వాత నింపాదిగా ఉన్న సంగతి చెప్పండి. ఆటలమ్మ వైరస్ గాలిలో, పొక్కుల రసిలో ఉంటుంది. పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. కాబట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తలుపులు మూసి ఉండే వార్డులో, పక్కపక్క మంచాల మీద ఏ అంటువ్యాధి అయినా వేగంగా పాకుతుంది. 2020 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని చోంగ్దో అనే ఊళ్లో ఒక ఆసుపత్రి మానసిక వార్డులో దాదాపు అందరికీ కొవిడ్ సోకింది. తప్పు గాలి ఆడని వార్డుది, అందులో ఉన్న మనిషిది కాదు.

వేపాకు స్నానం, చద్ది నైవేద్యం మీ ఇంటి ఆచారమైతే చేసుకోండి. నేను వద్దనను. కానీ "మొక్కు తీర్చలేదు, అందుకే ఇలా అయింది" అన్న మాట మాత్రం అతని మంచం దగ్గర ఎవరి నోటి నుంచీ రాకూడదు. మీ అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి.

పక్క మంచం స్నేహితుడు ఎవరైనా వేరే వార్డుకు మారారేమో కూడా అడగండి. అక్కడ ఉండేవాళ్లకు అదీ పెద్ద నష్టమే.

ఇంటికి ఇప్పుడే తొందరపడి తేవద్దు. క్లోజపిన్ రెండు రోజులకు మించి ఆగిపోతే మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, తక్కువ నుంచి పెంచుకుంటూ రావాలి. ఆ హడావుడిలో మందు తప్పితే జబ్బు తిరగబెడుతుంది. డిశ్చార్జి విషయం డాక్టరుతో కూర్చుని నిర్ణయించుకోండి. చచ్చిపోవాలని ఉందన్నా, శిక్ష అనుభవించాలంటూ అన్నం మానేసినా ఆ క్షణమే నర్సుకు చెప్పండి. మీకో, అమ్మగారికో రాత్రిపూట టెన్షన్ ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి వెళ్లినప్పుడు పది నిమిషాలు చాలు. మాట్లాడకపోయినా పక్కన కూర్చోండి. లేచేటప్పుడు మళ్లీ ఏ రోజు వస్తారో తేదీ కాగితం మీద రాసిచ్చి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి. అమ్మగారితో నా మాటగా చెప్పండి: పొక్కులన్నీ పెచ్చులు కట్టాక ఆటలమ్మ అంటదు. కొంగు తీసేసి మంచం మీదే కూర్చుని, కొడుకు చేయి పట్టుకోవచ్చు.